పిల్ల చేపల లెక్క

పొద్దున్నే వసారాలో కూర్చుని గార్గి కాఫీ తాగుతోంది. ఆమె గ్లాసు వేరు, చాప వేరు. కొచ్చిన్ నుంచి సొంతూరు మండికల్‌కి వచ్చి వారమైనా వంటింటి గడప దాటలేదు. దాటమని ఎవరూ అనలేదు.

ఆమెది చేపల పరిశోధన సంస్థలో ఉద్యోగం. సముద్రంలో ట్యూనా చేపలు ఎన్ని మిగిలాయో, ఏడాదికి ఎంత పడితే తరగకుండా ఉంటాయో లెక్కకట్టి చెప్పాలి. కూతురు ఏం చేస్తోందని ఊళ్ళో ఎవరైనా అడిగితే తల్లి అంబుజాక్షి "సముద్రం ఆఫీసు" అంటుంది. సముద్రంలో ఏముంటాయనే ప్రశ్న రాకముందే మజ్జిగ తెచ్చిచ్చి మాట మార్చేస్తుంది. తరతరాలుగా గుడి అర్చకత్వం చేస్తున్న ఇల్లు మరి.

అంబుజాక్షి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుందని తెలిసి గార్గి సెలవు పెట్టి వచ్చింది. సాయానికి వచ్చిన మనిషిని చుట్టాన్ని చేసి బయట కూర్చోబెట్టారు. నైవేద్యం వండే పని తండ్రి పట్టాభిరామ నెత్తిన వేసుకున్నాడు. డెబ్బై దాటిన ఆయనకు చేతులు వణుకుతాయి. ఆ గిన్నెల చప్పుడు వింటూ ఊరికే కూర్చోవడం కన్నా కొచ్చిన్‌లో ఒంటరి గదే నయమనిపించింది గార్గికి.

ఆ రోజు గంజి వారుస్తుండగా ఇత్తడి గిన్నె ఆయన చేతిలో ఒరిగింది. గార్గి ఒక్క అంగలో గడప దాటి పట్టుకుంది.

"వదులమ్మా" అన్నాడాయన మెల్లగా. ఆ అన్నం ఇక దేవుడికి పనికిరాదన్నట్టు పక్కకు జరిపాడు. కోపంగా అని ఉంటే ఆమె ఓర్చుకునేదే.

"నేనేమన్నా చేప తిన్నానా అప్పా?"

"తినేవాళ్ళ మీద నాకేం కోపం లేదమ్మా. పట్టేవాళ్ళు పొట్టకోసం పడతాండారు. ఎన్ని చంపొచ్చో లెక్క చెప్పేది నువ్వు. ఆ చేత్తో స్వామికి ఎట్ల వండించేది?"

గార్గి చెప్పుకొచ్చింది. పెద్ద వలలతో పిల్ల చేపల్ని కూడా తోడేస్తున్నారనీ, వాటికి మంచి ధర పలకదనీ, గుడ్లు పెట్టే వయసు దాకా ఆగితే చేపా మిగులుతుంది, పడవవాళ్ళ బతుకూ నిలబడుతుందనీ చెప్పింది.

"పిల్ల చేపల్ని వదలమంటానని అక్కడ పడవోళ్ళు నా పక్కన కూర్చొని టీ కూడా తాగరు. ఇక్కడ నువ్వు లోపలికి రానీవు. నేను యాడ కూర్చొని తినాలో చెప్పప్పా."

గడప దగ్గరికి వచ్చి వింటున్న అంబుజాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళూ ఫోన్లో బాగున్నానంటే బాగానే ఉందనుకున్నారు ఇద్దరూ. ఏం తిన్నావని అడిగారే గాని, ఎవరితో తిన్నావని ఒక్కనాడూ అడగలేదు.

పట్టాభిరామ మళ్ళీ బియ్యం కొలిచి ఆమె ముందు పెట్టాడు.

"తలకి పోసుకొని రామ్మా. స్వామికి పొద్దుపోతాండాది."

గార్గి స్నానం చేసి మడి కట్టుకుని వండింది. ఆయన నైవేద్యం తీసుకెళ్ళి, పూజ ముగించుకుని వచ్చి, వంటింట్లో మూడు ఆకులూ పక్కపక్కనే వేశాడు. పప్పు కాస్త మాడింది. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. సగం భోజనంలో పట్టాభిరామ ఆకులోకే చూస్తూ అడిగాడు.

"ఆ పిల్ల చేపలు, వదిలేస్తే ఎన్నాళ్ళకు పెద్దవైతాయమ్మా?"

ఆమె పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. గార్గి కళ్ళనీళ్ళు ఆకులో పడుతున్నా తుడుచుకోలేదు. ఆయన తినడం ఆపి, ఆమె ఏడుపు తగ్గేదాకా కాచుకున్నాడు.