ఎక్కడి నుంచి చూడాలి

2081 నాటికి కాకినాడ ఇండోర్ స్టేడియంలో బాస్కెట్‌బాల్ చూడటానికి వచ్చేవాళ్ళు రిఫరీని తిట్టడం మానేశారు. ఆ పని వాళ్ళకు లేకుండా చేసింది ‘సవరణి’. పైకప్పులోని కెమెరాలు, బంతిలోని సెన్సర్లు చెప్పినదాన్ని బట్టి రిఫరీ చేసిన పొరపాటును అది పసిగడుతుంది. పాత రోజుల్లో ఆట మళ్ళీ మొదలై కాస్త ముందుకు సాగిందంటే ఆ పొరపాటు కూడా స్కోరులో కలిసిపోయేది. ఇప్పుడలా కాదు. సవరణి గంట కొట్టి, ఆ తర్వాతి ఆటంతా రద్దు చేసి, స్కోరునూ గడియారాన్నీ ఆ క్షణానికి తిప్పేస్తుంది. ఎవరు ఎక్కడున్నారో నేల మీద దీపాలు వెలిగి చూపిస్తాయి. ఆటగాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళి అక్కడే నిలబడతారు.

దీన్ని తయారుచేసిన డాక్టర్ హన్వికకు ఈ పట్టుదల ఊరికే రాలేదు. ఇరవై ఏళ్ళ వయసులో ఆమె ఆడిన ఫైనల్ చివరి నిమిషంలో, గీత తొక్కకపోయినా తొక్కిందని రిఫరీ ఇమ్మానుయేల్ ఈల వేశాడు. బంతి అవతలి జట్టుకు పోయింది. ఒక్క పాయింటుతో కప్పు చేజారింది. ఊరంతా దుమ్మెత్తిపోస్తే ఆయన రిఫరీ పని వదిలేసి బడిలో డ్రిల్లు మాస్టారుగా స్థిరపడ్డాడు. హన్విక కోపం మాత్రం చల్లారలేదు. సవరణిని దేశమంతటా ప్రవేశపెట్టే సభలో ముందుగా ఆ పాత ఆటనే సరిదిద్ది చూపాలని, ఆయన్ని మొదటి వరుసలో కూర్చోబెట్టాలని నిర్ణయించుకుంది.

సభకు ముందురోజు ఆ ఆట వీడియోను యంత్రానికి ఎక్కించింది. గంట మోగింది. కానీ తెర మీద కనిపించింది చివరి నిమిషం కాదు, మూడో క్వార్టర్.

"ఫౌల్ జరిగింది మీ జట్టులోని జోషిత మీద. ఫ్రీ త్రోలు ఆమే వేయాలి, వేసింది మీరు. ఆ రెండు పాయింట్లు చెల్లవు" అంది సవరణి. "ఇక్కడి నుంచి మళ్ళీ ఆడాలి. తర్వాత జరిగిందేదీ లెక్కలోకి రాదు."

హన్వికకు గుర్తుంది. జోషిత ఫ్రీ త్రో వేస్తే పడేది కాదు. కోచ్ కళ్ళతో సైగ చేశాడు. తనే బంతి అందుకుని, ఫౌల్ తన మీదే జరిగినట్టు వెళ్ళి నిలబడింది. రిఫరీ గమనించలేదు. తర్వాత జట్టంతా ఆ సంగతి చెప్పుకుని నవ్వుకున్నారు కూడా. ఇప్పుడామెకు సిగ్గేసింది. ఆ వెంటనే యంత్రం మీద చిర్రెత్తుకొచ్చింది.

"చివరి నిమిషం నుంచి చూడు" అంది.

"అంతకు ముందుది?"

"దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదుగా."

సవరణికి వాదించడం నేర్పలేదు. చెప్పినట్టే చేసింది.

మర్నాడు సభలో, గీతకు బెత్తెడు ఇవతలే ఉన్న హన్విక కాలు తెర మీద అందరికీ కనిపించింది. జనం చప్పట్లు కొట్టారు. ఇమ్మానుయేల్ చేతికర్ర ఊతంగా లేచాడు.

"ఆటంతా చూసిందాండీ ఇది?" అని అడిగాడు.

"చూడాల్సిన చోటి నుంచి చూసింది మాస్టారూ."

ఆయన తలూపాడు. "అయితే తప్పు నాదేనమ్మా. మీ కప్పు నేనే పోగొట్టాను. ఇన్నేళ్ళూ మీ కాలు గీత మీదే ఉందనుకుంటూ బతికాను" అన్నాడు.

ఎక్కడి నుంచి చూడాలో ఫిర్యాదు చేసినవారే చెప్పే ఆ సదుపాయం సవరణిలో అలాగే ఉండిపోయింది. తర్వాతి రోజుల్లో ఆస్తి తగాదాలకు, మొగుడూ పెళ్ళాల పంచాయతీలకు కూడా జనం దాన్నే తెప్పించుకున్నారు. యంత్రం గురించి ఫిర్యాదులు చాలానే వచ్చాయి కానీ, ఆ సదుపాయం వద్దని మాత్రం ఎవరూ అనలేదు.

సభ జరిగిన ఆ రోజు హన్విక వేదిక దిగి వచ్చి, ఇమ్మానుయేల్ చేతులు పట్టుకుని, అందరి ఎదుటా ఆయన్ని క్షమించింది.