నిండా నీళ్ళు పోసిన బెలూన్

చివరి పీరియడ్ బెల్ కొట్టేసరికి జువ్వ అందరికంటే ముందే గ్రౌండ్‌లో ఉంది. చేతికి గ్లవ్ తొడుక్కుంది. షూ లేసులు బిగించింది. బంతి కోసం చూస్తే బంతి లేదు, బేస్‌బాల్ బ్యాట్లూ లేవు. కోచ్ మేడమ్ కుళాయి పక్కన కూర్చుని తీరిగ్గా బెలూన్లలో నీళ్ళు నింపుతున్నారు.

జువ్వ ఆ పిల్ల అసలు పేరు కాదులెండి. ఆమె విసిరితే బంతి తారాజువ్వలా దూసుకుపోతుందని టీమ్ వాళ్ళు పెట్టిన పేరు. ఆ పేరంటే ఆమెకు మహా గర్వం.

"మేడమ్, శనివారం మ్యాచ్ పెట్టుకుని ఇవాళ బెలూన్లేంటి?" అంది జువ్వ.

"ఇదీ ప్రాక్టీసే. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడండి. జోడీకి మూడు బెలూన్లు. ఒకరు విసరాలి, ఒకరు పట్టుకోవాలి. పట్టుకున్నప్పుడల్లా ఒక అడుగు వెనక్కి. ఎవరి బెలూన్ చివరిదాకా పగలదో వాళ్ళు గెలిచినట్టు."

టీమ్‌లో ఉన్నది తొమ్మిది మంది. మ్యాచ్‌కి కావలసిందీ తొమ్మిది మందే. ఒక్కరు తగ్గినా ఆట లేదు. జోడీ దొరకని పిల్లకు మేడమే జోడీ అయ్యారు.

"చంటిపిల్లల ఆట" అని గొణుక్కుంది జువ్వ.

ఆమె జోడీ నిచ్చెన. వాడి పొడుగు చూస్తే ఆ పేరెందుకో ఎవరూ అడగరు. మ్యాచ్‌లో ఫస్ట్ బేస్ దగ్గర నిలబడేది వాడే. బంతిని కొట్టినవాళ్ళు ఆ బేస్‌కి పరిగెత్తుతారు. వాళ్ళు చేరేలోపు నిచ్చెన గ్లవ్‌లో బంతి పడితే అవుట్. ఆ బంతిని అందించేది ఎక్కువసార్లు జువ్వే. పోయిన మ్యాచ్‌లో ఆమె వేసిన బంతులు వాడు పట్టలేకపోయాడు. టీమ్ ఓడిపోయింది. "చేతులకు నూనె రాసుకొచ్చావా?" అని అందరి ముందూ దులిపేసింది జువ్వ. వాడు తల దించుకున్నాడు.

మొదటి బెలూన్ విసిరింది. నిచ్చెన చేతుల్లో భళ్ళున పగిలింది. రెండోదీ అంతే. వాడి చొక్కా తడిసి ముద్దయింది.

"కాస్త మెల్లగా వెయ్యొచ్చు కదా" అన్నాడు నిచ్చెన, మొహం తుడుచుకుంటూ.

"నువ్వు సరిగ్గా పట్టుకోవచ్చు కదా."

ఓడిపోవడం జువ్వ ఒంటికి పడదు. మూడో బెలూన్ తనే నింపుతానని కుళాయి దగ్గరికి వెళ్ళింది. అటూ ఇటూ చూసింది. గుక్కెడంటే గుక్కెడే నీళ్ళు పట్టి గబుక్కున ముడేసింది. వదులుగా ఉన్న బెలూన్ ఎంత గట్టిగా విసిరినా అంత తేలిగ్గా పగలదు. తెలివంటే ఇదీ అని తనకు తానే మెచ్చుకుంది.

చేయి వెనక్కి లాగి బలంగా విసిరింది. బెలూన్ తిన్నగా వెళ్ళి నిచ్చెన చెవి మీద చెళ్ళున తగిలింది. నేల మీద పడి దొర్లింది కానీ పగల్లేదు. అప్పటికి మిగతా జోడీల బెలూన్లన్నీ పగిలిపోయాయి.

"మేమే గెలిచాం" అని గంతులేసింది జువ్వ.

మేడమ్ ఆ బెలూన్ తీసి వేళ్ళతో నొక్కి చూశారు. "ఇది బెలూనా, వాడిపోయిన వంకాయా?" అన్నారు. దాన్ని పక్కన పడేశారు. జువ్వ తన షూల వైపు చూసుకుంది.

నిచ్చెన చెవి రుద్దుకుంటూ మేడమ్ దగ్గరికి వచ్చాడు. "రేపట్నుంచి నేను రాను మేడమ్. జువ్వ బంతి వస్తుంటే నాకు కళ్ళు మూసుకుపోతున్నాయి." ఆ మాట అనేసి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయాడు.

అందరూ జువ్వ వైపు చూశారు. ఇప్పుడు ఎనిమిది మంది.

ఇంటికి రాగానే జువ్వ బ్యాగు విసిరేసి రబ్బరు బంతి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అమ్మమ్మ అక్కడ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"వాడు ఒట్టి పిరికివాడు అమ్మమ్మా. వాడి వల్ల మాకు మ్యాచే లేకుండా పోయింది" అని జరిగినదంతా చెప్పింది. బెలూన్ సంగతి మాత్రం మింగేసింది. కోపమంతా చేతిలోకి తెచ్చుకుని బంతిని గోడకేసి కొట్టింది. అది అంతే వేగంగా తిరిగొచ్చి ఆమె భుజానికి తగిలింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తగిలింది.

"మరి నువ్వెందుకే కళ్ళు మూసుకుంటున్నావు?" అంది అమ్మమ్మ.

"నేనా? లేదే."

"సరే, ఇంకోసారి వెయ్యి. నేను చూస్తాను."

జువ్వ ఈసారి కళ్ళు పెద్దవి చేసుకుని విసిరింది. బంతి మొహం మీదికి వచ్చేసరికి రెప్పలు వాటంతటవే వాలిపోయాయి.

జువ్వ మెట్టు మీద చతికిలబడింది. అది తన బంతే. తను వేసిందే. దాన్ని నిచ్చెన రోజూ ఎదురుగా నిలబడి పట్టుకుంటున్నాడు. ఆమెకు చాలా సిగ్గేసింది.

కాసేపటికి జేబులో మిగిలిపోయిన బెలూన్ తీసింది. ఈసారి నిండా నీళ్ళు పట్టింది. "అమ్మమ్మా, ఇది పట్టుకోవా?"

"ఉతికిన చీర కట్టుకున్నాను, తడిపావంటే ఊరుకోను. అయినా గోడకేసినట్టు నాకేస్తావేంటి? పట్టుకునేది నేను. నన్ను చూసి వెయ్యి."

జువ్వ చూసింది. అమ్మమ్మ చేతులు ఎక్కడున్నాయో, ఎంత ఎత్తులో ఉన్నాయో చూసింది. అప్పుడు విసిరింది. అమ్మమ్మ బెలూన్‌ని పసిబిడ్డను అందుకున్నట్టు పొట్టకు హత్తుకుంది. పగల్లేదు. అడుగు అడుగు వెనక్కి జరుగుతూ ఇద్దరూ పెరటి గోడల దాకా వెళ్ళారు. ఆఖర్న పగలనే పగిలింది. ఊరుకోనన్న అమ్మమ్మ తడిసిన చీరతో పడీ పడీ నవ్వింది.

మర్నాడు బడి గేటు దగ్గర జువ్వ రెండు చేతులా ఇంకో బెలూన్ పట్టుకుని నిలబడింది. నిచ్చెన ఆమెను చూసి పక్కనుంచి వెళ్ళబోయాడు.

"నిన్నటి బెలూన్‌లో నేను నీళ్ళు సరిగ్గా పోయలేదు" అంది జువ్వ.

"తెలుసు. నా చెవికి ముందే తెలిసింది."

"సారీరా. పోయిన మ్యాచ్‌లో అన్నదానికి కూడా. ఇది నిండుగా ఉంది, నొక్కి చూసుకో. ఒక్కసారి ఆడదాం."

నిచ్చెన నిజంగానే నొక్కి చూశాడు. తర్వాత బ్యాగు కింద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"రెడీనా?" అంది జువ్వ. ఆ మాట ఆమె అడగడం అదే మొదటిసారి.

ఆ రోజు సాయంత్రం గ్రౌండ్‌లో మళ్ళీ తొమ్మిది మంది ఉన్నారు. బెలూన్లయ్యాక తడి స్పాంజితో ఆడారు, ఆ తర్వాత మెత్తటి బంతితో, చివరికి అసలు బంతితో. నిచ్చెన "ఇంకొంచెం" అంటేనే జువ్వ వేగం పెంచేది. శుక్రవారం నాటికి వాడు ఆ మాట ఎన్నిసార్లన్నాడో లెక్కే లేదు.

శనివారం మ్యాచ్ ఆఖరి దాకా వచ్చింది. ఇంకొక్క అవుట్ తీస్తే జువ్వ వాళ్ళదే గెలుపు. అవతలి టీమ్ పిల్ల కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ నేరుగా జువ్వ చేతికొచ్చింది. కొట్టిన పిల్ల ఫస్ట్ బేస్ వైపు గాలిలా పరిగెత్తుతోంది.

"వేసెయ్, వేసెయ్" అని చుట్టూ గోల.

జువ్వ తలెత్తి నిచ్చెనను చూసింది. వాడు గ్లవ్‌ను ఛాతీ ముందు తెరిచి పెట్టాడు. కళ్ళు విప్పార్చుకుని ఆమెనే చూస్తున్నాడు. ఊఁ అన్నట్టు తలూపాడు.

అప్పుడు విసిరింది, ఉన్న బలమంతా పెట్టి.

గ్లవ్‌లో ఠప్పుమని మోగింది. అవుట్.

టీమంతా వచ్చి మీద పడేలోపు జువ్వ పరిగెత్తి నిచ్చెన దగ్గరికి చేరింది. వాడు గ్లవ్ తీసి ఎర్రబడిన అరచేతిని ఊదుకుంటున్నాడు.

"మండుతోందా? ఈసారి మెల్లగా వెయ్యనా?" అంది.

"వద్దు" అన్నాడు నిచ్చెన నవ్వుతూ. "ఇలాగే, చూసి వెయ్యి."