గుల్ల లోపలి గీత

చౌడమ్మ ఇత్తడి గుల్లను ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు మంట మీద తిప్పి నీళ్లలో వదిలింది. సుయ్‌మంది. మెడ దగ్గర పావురం గొంతు మీది రంగులాంటి నీలి మెరుపు పుట్టి నిలిచింది. పేలినప్పుడు ఉబ్బి, గట్టిపడి తిరిగొచ్చిన తూటా గుల్ల అలా మెత్తబడితేనే మళ్లీ అచ్చుకు లొంగుతుంది. మైనం రాసి అచ్చులోకి నొక్కింది. గుల్ల పాత కొలతకు వచ్చి బయటపడింది.

కిటికీలోంచి మబ్బు తునక ఒకటి లోపలికి వచ్చి, బల్లను తడిపి వెళ్లిపోయింది. పదకొండు కొండల మీది మేఘశాలల్లో ఇదే ఎత్తైనది. ఇక్కడి తుపాకులు మబ్బుల్లోకి వానగుండ్లు పేలుస్తాయి. ఏ మబ్బు ఏ ఊరి మీద కురవాలో వంతుల యంత్రం చెబుతుంది; గుల్లలను పరీక్షించేదీ అదే. కొత్త ఇత్తడి చేయడానికి భూమిలో రాగి దొరక్క ముప్పై ఏళ్లయింది. ఉన్న గుల్లలే మళ్లీ మళ్లీ పేలుతున్నాయి.

యంత్రం పచ్చదీపం వెలిగించి పంపిన గుల్లే అది. అయినా అలవాటుగా కొస వంచిన తీగను లోపలికి దించి, గోడ వెంట పైకి లాగింది. అడుగుకు కాస్త పైన తీగ తట్టుకుంది. రెండో గుల్లలోనూ అంతే. మూడోదాంట్లోనూ.

చౌడమ్మ మీట దించి పని ఆపింది.

"రెండువందల నలభై గుల్లలూ ఉత్తీర్ణం. ఆపిన కారణం చెప్పండి" అంది యంత్రం.

ఆమె జవాబిచ్చేలోగా తుపాకీ భుజాన వేసుకుని ఓబులేసు వచ్చాడు. ఈ కొండకు గురికాడు అతనే.

"ఏందక్కా, ఇంకా గుల్లలు రాల్యా? ఆ మబ్బు మా ఊరిది. నాలుగేండ్లకు వంతొచ్చినాది."

"గుల్ల ఒళ్లు పలచబడిందబ్బా. పేలిస్తే అడుగు ఊడి ఎనక్కి తంతాది. నీ కండ్లు పోతాయి."

"పచ్చదీపం ఎలిగింది గదా!"

"ఎలిగింది. కానీ నా సేతికి తగుల్తాండాది."

"ఒక్కటియ్యక్కా. మా యమ్మ మిద్దెమీద నిలబడి సూస్తాంటాది."

చౌడమ్మ చెయ్యి గుల్ల వైపు వెళ్లింది. ఇవ్వాలనే ఉంది. మబ్బు నీడ అప్పటికే అతని ఊరి పొలాల మీద జారుతోంది. ఆమె గుల్లను బిగించి, రంపంతో నిలువునా కోసింది. లోపల, చుట్టూ, వెంట్రుకంత సన్నని మెరిసే గీత.

ఓబులేసు ఆ గీతను చూశాడు. తుపాకీ ఆనించే చెంపను తడుముకున్నాడు. తర్వాత కిటికీ దగ్గర కూర్చున్నాడు. నీడ వాళ్ల ఊరి మిద్దెలెక్కి దిగి, చుక్కైనా రాల్చకుండా సాగిపోయింది.

"పొయ్యినాదక్కా" అన్నాడు.

చౌడమ్మ రంపం కింద పెట్టింది. అతని పక్కనే కూర్చుంది.

"కారణం చెప్పండి" అని యంత్రం మళ్లీ అడిగింది.

"సేతికి తగిలినాది" అంది చౌడమ్మ.

యంత్రం వెతికి చూసింది. దాని జాబితాలో అలాంటి కారణం లేదు. చేతికి తగలడమంటే ఏమిటని పదకొండు శాలలనూ అడిగింది. కాసేపటికి రెండో కొండ నుంచి ఎవరో స్త్రీ గొంతు యంత్రంలో వినిపించింది.

"నాకూ శానా దినాల్నుంచి తగుల్తాందక్కా. యంత్రమే సరేనంది గదా అని ఊరుకుంటి."

తర్వాత అయిదో కొండ. ఆ తర్వాత తొమ్మిదోది.

మధ్యాహ్నానికి పదకొండు కొండల మీదా తుపాకులు ఆగిపోయాయి. మబ్బులు తమకు తోచిన దిక్కుకు మళ్లాయి. ఏ మబ్బు ఎవరిదో తెలియక, కింద అన్ని ఊళ్లూ వాకిళ్లలో బిందెలు పెట్టుకున్నాయి.