పరీక్షనాడు ఏకిన పరుపు

ఆ గురువారం పొద్దున మౌలాలి దూదేకే విల్లును భుజాన వేసుకుని జమ్మలమడుగు బజారు మీదుగా ఇంటికి తిరిగొచ్చాడు. రెండేళ్ల కిందట ఆ విల్లును ఇంట్లోంచి వెళ్లగొట్టింది అతని భార్య హఫీజానే. దాని మోతకు పాపకు చదువు తలకెక్కడం లేదని ఆమె పట్టుబట్టింది. సరేనని మౌలాలి ఊరి చివర ఓ పాడుబడ్డ పాకలోకి మకాం మార్చి, పలకరించే దిక్కు లేకుండా పరుపుల దూది ఏకుతూ రెండేళ్లు గడిపాడు. తన నాయన చేతి విల్లు అది. అయినా కూతురి చదువు ముందు అదెంత అనుకున్నాడు.

వాకిలి ఊడుస్తున్న హఫీజా అతణ్ని చూసి చీపురు కింద పడేసింది.

"ఏంది మామా, దాన్నెందుకు తెస్తివి?"

"ఇంకెవురి కోసరం దూరంగా పెట్టాల? నిన్న అయ్యవారు చెప్పింది నువ్వూ వింటివి గదా."

వినకేం, రాత్రంతా అదే ఆమె చెవుల్లో గింగురుమంటోంది. కూతురు మైమూన్ ఐదో తరగతి రెండోసారి చదువుతోంది. "పిల్ల మంచిదే మౌలాలీ. నిలకడే లేదు. లెక్క సగం వేసేసరికి కిటికీ అవతల పోయే బండి మీదికి పోతుంది మనసు. ఈసారీ తప్పితే నేను ఉంచుకోలేను. పరీక్ష దాకా ఎందుకు, ఇప్పుడే మానిపించి దిండ్లు కుట్టడం నేర్పించు" అన్నాడు హెడ్మాస్టర్ త్రివిక్రమరావు.

"అయ్యవారు అంటే నువ్వు తలకాయ ఊపి వచ్చేదేనా? నేను యాడికి పోయినా ఏలిముద్ర ఏస్తాండా. నా బిడ్డ గూడా అట్లనే ఏయాల్నా?"

"నేను ఒద్దంటినా? రెండేండ్లు ఆ పాకలో పిచ్చోని మాదిరి ఒక్కణ్నే కూచుంటి. ఎట్లుండావని ఒక్క దినమన్నా అడిగితివా?"

"బిడ్డ కోసరమే గదా!"

"బిడ్డకేమొచ్చె?"

గడపలో నిలబడి అంతా విన్న మైమూన్ మెల్లగా అంది. "నాయనా, మీరు కొట్లాడొద్దండి. నేనే మంచిదాన్ని కాదు. చదవాలనే కూచుంటా. యాడికి పోతాదో ఏమో నా మనసు."

పదకొండేళ్ల పిల్ల నోట ఆ మాట విని మౌలాలి లోపలికి పోయి, దూలానికి తాడు కట్టి విల్లు వేలాడదీశాడు. కింద దూది పోసి, చెక్క గూటంతో నారిని కొట్టడం మొదలుపెట్టాడు. ధుం... ధుం... ధుమ్మని ఇల్లంతా మోగింది.

పది గంటలప్పుడు జానకమ్మ వచ్చింది. ఆమె మద్రాసులో మనస్తత్వశాస్త్రం చదివి, చదువు మీద మనసు నిలవని పిల్లల గురించి పరిశోధన చేస్తోంది. ప్రొద్దుటూరు, పులివెందుల బళ్లు ముగించుకుని ఈ ఊరికి వచ్చింది. పోయిన వారం బళ్లో పెట్టిన పరీక్షలో అందరికంటే వెనకబడింది మైమూనే. ఒక్కో పిల్లకు రెండుసార్లు పరీక్ష పెట్టాలన్నది జానకమ్మ పెట్టుకున్న నియమం. ఇవాళ పిల్ల బడికి రాలేదని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మానిపిస్తాండామమ్మా. ఇంక పరీక్షలెందుకు?" అన్నాడు మౌలాలి.

"ఐదు నిమిషాలే అన్నా. నా లెక్క పూర్తవుతుంది" అందామె.

కాగితం నిండా కలగాపులగంగా అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి. వాటిలో 'క' కనబడ్డ చోటల్లా పెన్సిలుతో కొట్టేయాలి. అంతే పరీక్ష. మైమూన్ బోర్లా పడుకుని మొదలుపెట్టింది. మౌలాలి తన పనిలో పడ్డాడు. పిల్ల పెన్సిలు వరస వెంట వరస దిగుతూ పోయింది.

ఇంతలో అతనికి సిగ్గేసింది. చదువుకున్న తల్లి పరీక్ష పెడుతుంటే ఈ మోత ఏమిటని గూటం కింద పెట్టాడు. రెండు క్షణాలు గడవకముందే మైమూన్ తల ఎత్తి, చూరు మీద పిచ్చుకను చూస్తూ ఉండిపోయింది.

జానకమ్మ చేతిలోని గడియారాన్ని చూసి, మౌలాలికి సైగ చేసింది. మళ్లీ ఏకమంది. ధుం... ధుం... పెన్సిలు కదిలింది. కాసేపాగి ఆపమంది. పెన్సిలూ ఆగింది. కొత్త కాగితాలు పెట్టి అట్లా నాలుగుసార్లు చూసింది. నాలుగుసార్లూ అంతే.

"బళ్లో పదిహేడు అక్షరాలు వదిలేసింది. విల్లు మోగుతున్నంతసేపూ రెండే వదిలింది" అంది. "చప్పుడు పిల్లల మనసు చెదరగొడుతుందని మూడూళ్ల బళ్లలోనూ రాసుకుంటూ వచ్చానన్నా. చాలామందికి అంతే. ఈ పిల్లకు మాత్రం అది ఆసరా. ఇది మొండితనం కాదు, తెలివితక్కువతనం అసలే కాదు."

హఫీజా గోడకు చేరగిలబడి కూర్చుండిపోయింది. "ఆ విల్లు పక్కనే దీని ఉయ్యాల కడితిమి తల్లీ. అది ఆగితే లేచి ఏడుస్తాండె. మాటలు గూడా ఈడ కూచునే నేర్చుకునె. మంచి చేస్తాండా అనుకోని నేనే బిడ్డ నోటికాడి ముద్ద తీసేస్తి." ఏడుస్తూనే భర్త వైపు తిరిగింది. "నిన్నేమో పాకలోకి తోలితి."

"పోనీలేమే. ఇప్పుడన్నా తెలిసె" అన్నాడు మౌలాలి. ఆమెను ఓదార్చబోయి తనే తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. మైమూన్ మాత్రం, "అమ్మగారూ, నేను మంచిదాన్నేనా అయితే?" అని రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకుంది.

ఆ సాయంత్రమే జానకమ్మ కాగితాలన్నీ త్రివిక్రమరావు ముందు పరిచింది. ఆయన ముక్కుపొడుం పీలుస్తూ చూశాడు. "పరీక్ష దాకా రానీ" అన్నాడంతే. మరో రెండు రోజులకు జానకమ్మ బస్సెక్కింది. నెలన్నరపాటు విల్లు కింద మైమూన్ చదువు సాగింది. చదివింది చదివినట్టు అప్పజెబుతోంది. కానీ బళ్లో విల్లెక్కడిది? మౌలాలికి అన్నం సయించడం మానేసింది.

పరీక్షనాడు తెల్లవారగానే అయ్యవారి నుంచి కబురొచ్చింది, విల్లు తీసుకుని బడికి రమ్మని. పోయి చూస్తే బడి వసారాలో ఓ పాత పరుపు పడి ఉంది.

"రెండేండ్ల నుంచి వీపుకు గుచ్చుకుంటోంది. ఈ పొద్దు, ఈడనే ఏకు. పదికి మొదలుపెట్టి ఒంటిగంటకు ముగించాల" అన్నాడు త్రివిక్రమరావు.

"గంట పని అయ్యవారూ ఇది."

"నాకు శానా మెత్తగా కావాల" అని ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. మిగతా పిల్లలందరినీ అవతలి గదుల్లోకి పంపి, మైమూన్ ఒక్కదాన్నే వసారా పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు.

మౌలాలి ఏకాడు. ఏకిన దూదినే మళ్లీ మళ్లీ ఏకాడు. చేతులు లాగుతున్నా ఆపలేదు. దూది మబ్బులా లేచి మీసాల మీద, కనురెప్పల మీద వాలింది. ఎండలో చెంబుతో నీళ్లు తెచ్చిన హఫీజా అతని వాలకం చూసి ఉండబట్టలేక బతిమాలి నాలుగు గుక్కలు తాగించింది. మళ్లీ గూటం అందుకున్నాడు.

ఒంటిగంట కొట్టారు. మైమూన్ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాయనా, నడుమ ఒక్కసారి ఎందుకు ఆపితివి?"

"దప్పికయింది బిడ్డా."

"ఆ లెక్క ఒక్కటే పోయింది. మిగిలినవన్నీ చేసేస్తి!"

హఫీజా చెంబును కొంగు చాటున దాచుకుంది. అది చూసి మౌలాలికి నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూనే కళ్లు నిండాయి. తలుపు దగ్గర నిలబడ్డ అయ్యవారికి రెండు చేతులూ జోడించాడు. మద్రాసు ఎటువైపో తెలియక, జానకమ్మ బస్సు పోయిన దిక్కుకు మరోసారి జోడించాడు. తర్వాత వంగి, నాయన చేతి విల్లును కళ్లకద్దుకుని, దాన్ని పాక దోవ పట్టించకుండా తిన్నగా ఇంటికి మోసుకుపోయాడు.