పియర్‌కి కట్టిన పడవ

పడవ లేదు. మనిషీ లేడు.

1978 జనవరి. పగలు పదకొండు గంటలు. పాండిచ్చేరి పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ భీమశంకరం ఎదుట ఇద్దరు కూర్చున్నారు. ఒకడు రామభద్రరావు, కాకినాడలో పెద్ద ఆఫీసరు. రెండోవాడు వీర్రాజు, కాలేజీ లెక్చరర్. గోడవార నిలబడ్డ ఆవిడ తాయారు. కనిపించకుండా పోయిన మనిషి పేరు చిన్నబ్బాయి. ఆవిడ అతనికి అక్క. ఈ ఊళ్ళోనే, కోసపాళయంలో కాపురం.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

రామభద్రరావు గొంతు సవరించుకున్నాడు. "ముగ్గురం చిన్ననాటి స్నేహితులమండి. చిన్నబ్బాయి తెరచాప పడవలో కాకినాడ నుంచి బయల్దేరాం. బందరు, కృష్ణపట్నం, మద్రాసు... రేవు రేవుకీ ఆగుతూ, సరదాగా. ఇవాళ తెల్లవారకముందే ఇక్కడికి చేరాం. పడవని పియర్‌కి, అదే, సముద్రంలోకి కట్టిన ఆ వంతెనకి కట్టేసి, చిన్నబ్బాయిని కాపలా ఉంచి, మేమిద్దరం తాయారక్క ఇంటికెళ్ళాం. తిరిగొచ్చేసరికి పడవ లేదు."

"ఏమయ్యాడంటారు?"

"రాత్రి కాస్త పుచ్చుకున్నాడండి. ఆ మత్తులో సముద్రం మీదికి పోయుంటాడు."

తాయారు భగ్గుమంది. "మా తమ్ముడు పడవెక్కితే చుక్క ముట్టడండి! ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చిందిరా, రాంభద్రం?"

రామభద్రరావు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. పెద్ద ఆఫీసరు కదా, జవాబు చెప్పే అలవాటు లేదు కాబోలు!

అప్పటికే పియర్ చుట్టూ జాలర్ల కట్టుమరం తెప్పలు వెతుకుతున్నాయి. తాయారుకి ఒకటే ఆశ. తమ్ముడు గజ ఈతగాడు. ఎక్కడో తేలుతూ ఉంటాడు. త్వరగా వెతికితే ప్రాణాలతో దొరుకుతాడు. భీమశంకరం ఆశా అదే.

గంట గడిచింది. కానిస్టేబుల్ చంద్రన్ చెమటలు కక్కుతూ వచ్చాడు. తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగువాళ్ళ బిడ్డ.

"కుప్పంలో జాలరోళ్ళందర్నీ అడిగినా సార్. ఆ పడవను చూసినోడు ఒక్కడూ లేడు. ఇదేంది సార్, చీకట్లో వచ్చి చీకట్లోనే పోయిందా?"

భీమశంకరం స్నేహితులిద్దరినీ ఎగాదిగా చూశాడు. తోలు బూట్లు. పాలిష్ చెదరలేదు. ప్యాంటు మడత నలగలేదు.

"ఈ బూట్లతోనే దిగారా?"

"అవునండి."

"బట్టలు మార్చుకోలేదా?"

"ఎందుకండీ? పడవలోంచి మెట్ల మీద అడుగేశాం. పైకొచ్చేశాం."

"తాయారమ్మా, మీ ఇంటికి వీళ్ళు ఏ బట్టల్లో వచ్చారు?"

"ఇవే బట్టలండి. ఇవే బూట్లు."

ఇన్‌స్పెక్టర్ చివాల్న లేచాడు. "అందరూ జీపెక్కండి. తొందరగా!"

పియర్ చివర. ఎండ మాడుతోంది.

"ఏ స్తంభానికి కట్టారు?"

రామభద్రరావు కిందికి వంగి ఒకటి చూపించాడు. చూపించిన వేలు ఇంకా దించనే లేదు, అల లేచి ఆ స్తంభాన్ని ఫెళ్ళున కొట్టింది. అందరి ముఖాలూ తడిశాయి.

"మళ్ళీ చూడండి సార్," అన్నాడు భీమశంకరం. "అక్కడ పడవ కడితే ఎంతసేపు ఉంటుంది? పలకలు కూడా మిగలవు. నాదీ మీ వైపే, యానాం. మన వైపు కాలవ గట్టుకి పడవ కట్టి, చెప్పు తడవకుండా దిగుతాం. ఎక్కడైనా రేవంటే అంతే అనుకుంటాం. మీరూ అదే అనుకున్నారు. ఇక్కడ ఏ పడవైనా దూరంగా లంగరేయాల్సిందే. కట్టుమరం మీద అలలు దాటి రావాల్సిందే. గొంతు దాకా తడవకుండా ఈ ఊరి ఒడ్డుకి ఎవడూ చేరడు. మీ బూట్ల మీద ఒక్క ఉప్పు మరక లేదు. మీరు వచ్చింది పడవలో కాదు. బస్సులో! చిన్నబ్బాయిని ఎక్కడ వదిలేశారు?"

వీర్రాజు ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక్కడికి ఉత్తరాన, మరక్కాణం ఎదురుగా సార్... నిన్న సాయంత్రం. ఈ రాంభద్రం తాగి చుక్కాని పడతానన్నాడు. చిన్నబ్బాయి వద్దన్నాడు. వీడు లాక్కున్నాడు. పడవ ఒరిగింది. తెరచాప కర్ర గిర్రున తిరిగి చిన్నబ్బాయికి తగిలింది. నీళ్ళలో పడిపోయాడు. ఖాళీ పీపా విసిరాను. పట్టుకున్నాడు సార్! మమ్మల్ని పిలుస్తూనే ఉన్నాడు. పడవ తిప్పడం మాకు చేతకాలేదు. గాలికి కొట్టుకుపోయి మరక్కాణం దగ్గర ఏరు సముద్రంలో కలిసే మొగలో ఒడ్డుకి ఆనింది. పడవ అక్కడే వదిలేసి, పెట్టెలో ఉన్న పొడి బట్టలు, బూట్లు వేసుకుని బస్సెక్కాం."

"అక్కడ మనుషుల్లేరా?"

"ఉన్నారు. పాకల్లో దీపాలు కనిపించాయి. వీడే వద్దన్నాడు. ప్రమోషన్ వచ్చేలా ఉంది, తాగి మనిషిని పడేశానని తెలిస్తే ఉద్యోగమే పోతుందన్నాడు. పాండిచ్చేరిలో చిన్నబ్బాయే పడవతో మాయమయ్యాడని చెబుదామన్నాడు. నేనూ... సరేనన్నాను."

భీమశంకరం చెయ్యి లేచింది. బలవంతాన దించుకున్నాడు. కొట్టడానికి కూడా టైము లేదు.

"చంద్రన్! వైర్‌లెస్! మరక్కాణం పడవలన్నీ ఇప్పుడే సముద్రంలోకి దిగాలి!"

ఒంటిగంటకి పడవలు బయల్దేరాయి. రెండున్నరకి చిన్నబ్బాయి దొరికాడు. పీపాని కావలించుకునే ఉన్నాడు. చేతులు విడదీయడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

దొరికేసరికి ప్రాణం పోయి గంట కూడా కాలేదన్నాడు డాక్టర్.

పదకొండింటికి స్టేషన్లో నిజం చెప్పి ఉంటే బతికేవాడు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఆస్పత్రి వరండాలో రామభద్రరావు చేతులకి బేడీలు పడ్డాయి. తాయారు వచ్చి ఎదురుగా నిలబడింది. వాడు తల ఎత్తలేకపోయాడు.

"భయపడ్డానక్కా. ఉద్యోగం పోతుందని భయపడ్డాను..."

కొడుతుందేమోనని చంద్రన్ అడ్డం రాబోయాడు. ఆవిడ కొట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"పిచ్చి సన్నాసీ, వాణ్ణి బయటికి లాగించి ఉంటే ఏమయ్యేదిరా? పోలీసులకి వాడే చెప్పేవాడు కదరా, నేనే కాలు జారి పడ్డాను, రాంభద్రానికేం సంబంధం లేదని. నీ మీద ఈగ వాలనిచ్చేవాడా మా తమ్ముడు?"