ఫ్లక్స్ అడగని రాడ్

అలిపిరి మెట్ల దగ్గర, భక్తుల గుంపులోనే, మునిప్రసాద్ వీపులో కత్తి దిగింది. ప్రాణం పోయేముందు ఫోనులో చీఫ్‌కు ఒక్క మాటే చెప్పగలిగాడు: "ఫ్లక్స్ లేకుండానే అతుక్కొనింది సార్."

శ్రీకాళహస్తి అవతల రాకెట్ పైపులు చేసే కార్ఖానాలో అతడు మన నిఘా సంస్థ మనిషి.

"ఏందమ్మా ఆ మాటకు అర్థం?" అని ఫోనులో అడిగాడు చీఫ్ పరంధామయ్య.

ఏజెంట్ భానుప్రియకు వెంటనే అర్థమైంది. "పైపులు అతికే రాడ్లు మార్చేసినారు సార్! ఉక్కుకు రాగి అతకాలంటే వెండి రాడ్ కావల్ల. ఫ్లక్స్ మందు పూయకుంటే అది కరిగి పారదు. ఫ్లక్స్ అడగని రాడ్‌లో ఫాస్ఫరస్ ఉంటాది. రాగికి రాగైతే మేలే. ఉక్కు మీద ఆ అతుకు గాజు మాదిరి పగులుతాది."

"ఈపొద్దే ప్రెషర్ టెస్ట్! ఆడ ఫోన్లన్నీ ఎవురో జామ్ చేసినారు. ఆడ ఆఫీసరుగా పెట్టిన మన ఏజెంట్ రూపశ్రీ కూడా పలకల్యా. బిరీన పో!"

వేరే కేసులో మారువేషం కోసం భానుప్రియ నిన్ననే తిరుమలలో గుండు కొట్టించుకుంది. ఆ గంధం గుండుతోనే, లడ్డూ సంచితో కార్ఖానా గేటు దాటింది. ప్రసాదాన్ని ఆపే వాచ్‌మన్ ఈ జిల్లాలో పుట్టలేదు.

లోపల పనివాళ్ళంతా పైపు చుట్టూ మూగి ఉన్నారు. పట్టుచీరలో మెరిసిపోతున్న రూపశ్రీ మాత్రం మందపాటి గోడ వెనక, వాల్వు మీద చెయ్యేసి నిలబడింది. "ఇంకా దగ్గిరికి పోయి సూడండప్పా! లీకు కనబడాల గదా!" అంటోంది. తెరిచి ఉన్న ఆమె హ్యాండ్‌బ్యాగులో జామర్ ఎర్రగా మిణుకుతోంది.

మునిప్రసాద్‌ను శత్రువులకు పట్టించింది ఎవరో భానుప్రియకు తెలిసిపోయింది.

వాల్వు మీద రూపశ్రీ చెయ్యి బిగిసింది. అరిస్తే తిప్పేస్తుంది; అతుకు పగిలి పనివాళ్ళంతా పోతారు.

"కొండమీద ప్రసాదమమ్మా," అంది భానుప్రియ, తల వంచి.

చిన్ననాటి అలవాటు. రూపశ్రీ వాల్వు వదిలి, ఎడమచెయ్యి కింద, కుడిచెయ్యి పైన పెట్టి చాపింది. లడ్డూతోపాటు బేడీలు పడ్డాయి.

"ఎవురే నువ్వు, గుండుదానా!"

"ఏయ్, మా మేడమ్‌ను వదులు!" ఇంజనీరు లోకేష్ స్పానర్ ఎత్తాడు.

భానుప్రియ బల్లమీది రాడ్ తీసి, రెండు రాగిముక్కల మధ్య గ్యాస్ టార్చి మంటలో పెట్టింది. ఫ్లక్స్ లేదు. లోహం నీళ్ళలా పారి అతుక్కుంది.

లోకేష్ వంగి ఆ అతుకు చూశాడు. "ఉక్కు పైపుకు వాడింది ఇదే రాడ్..." స్పానర్ జారిపోయింది.

"శభాష్!" అన్నాడు చీఫ్ సాయంత్రం. "జుట్టు వచ్చేదాకా లీవు తీసుకుంటావా?"

"వద్దు సార్. తిరుపతిలో గుండును మించిన మారువేషం యాడుండాది?"