గుంట కాడ రెండాకులు

విజయనగరంలో డిటెక్టివ్ భరణి ఆఫీసు మెట్లెక్కేసరికి అనూరాధకు ఆయాసం ముంచుకొచ్చింది. యూనివర్సిటీ లైబ్రేరియన్ ఆవిడ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“సాయంత్రంలోగా తాళపత్రాల కట్ట దొరక్కపోతే దాలమ్మ మీద కేసు పెడతారట మేడమ్. ఆవిడ దొంగ కాదు.”

భరణి అసిస్టెంటు సుహాసిని మంచినీళ్లు ఇచ్చాక సంగతంతా బయటికొచ్చింది. శనివారం శనివారం లైబ్రరీ వాళ్లు వ్యానులో పుస్తకాలు వేసుకుని రామతీర్థం పక్క పల్లెకు వెళ్తారు. దాలమ్మ అరుగు మీద ఊరంతా చేరి చదివించుకుని వింటుంది. ఈసారి ఆ ఊరి పూర్వీకులు రాసిన వైద్య గ్రంథాన్ని ఊరివాళ్లకే చూపిద్దామని తీసుకెళ్లారు. టీ తాగి వచ్చేసరికి బల్ల మీద కట్ట లేదు. అరుగు దాలమ్మది గనక నింద ఆమె నెత్తిన పడింది. పల్లెల్లో ఈ చదువులే ఆపేస్తానని రిజిస్ట్రారు అంటున్నాడు.

“బల్ల దగ్గర ఎవరెవరున్నారు?” అంది భరణి.

“నేను, అటెండరు తిరుమలరావు, ఆకులకు ఫొటోలు తీసే విజయ్‌కుమార్. దారం తెగి చివరి రెండాకులు ముందే ఊడిపోయాయి. అవి గుంట కాడ ఉన్నాయని దాలమ్మ అందరి ముందూ చెప్పింది. అవి భద్రంగానే ఉన్నాయి. మర్నాడు చూస్తే ఆవిడ పెరట్లో పెంటగొయ్యి ఎవరో తవ్విపోశారు.”

“ఆ రెండాకుల్లో ఏముంది?”

“రాసినవాడి పేరు, ఊరు. అవి లేకపోతే ఎవరూ కొనరు.”

మధ్యాహ్నానికి భరణి, సుహాసిని, అనూరాధ పల్లెలో ఉన్నారు. తిరుమలరావునూ విజయ్‌కుమార్‌నూ అక్కడికే రప్పించారు. దాలమ్మ పెరట్లో గొయ్యి చూపించింది.

“పందులనుకున్నానమ్మా. పందికి పార ఎక్కడినుంచి వస్తాది?”

తిరుమలరావు ప్రతి ప్రశ్నకూ విసుక్కున్నాడు. దొంగ వీడేనని సుహాసిని అప్పుడే తేల్చేసుకుంది. విజయ్‌కుమార్ మాత్రం నవ్వుతూ బదులిచ్చాడు. “మాది నరసన్నపేటేనండి. నాకేటి తెలుస్తాది?”

పొద్దు వాలుతుండగా రిజిస్ట్రారు, వెనకాలే ఎస్సై వచ్చారు. భరణి అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి మామూలుగా అడిగింది.

“దాలమ్మగారూ, మీ గుంట ఎక్కడ?”

అందరూ గుమ్మంలో నిలబడ్డ దాలమ్మ మనవరాలు ఝాన్సీలక్ష్మి వైపు చూశారు. ఒక్క విజయ్‌కుమార్ చూపే పెరటి వైపు పోయింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు.

“ఈ ప్రాంతంలో గుంటంటే ఆడపిల్ల,” అంది భరణి. “ఊడిన ఆకులకు దారం కట్టమని దాలమ్మ మనవరాలికి ఇచ్చింది. ‘గుంట కాడ’ అంటే ఇక్కడివాళ్లెవరికైనా అర్థమవుతుంది. గుంటంటే గొయ్యి అనుకుని తవ్వినవాడు బయటి ప్రాంతం నుంచి వచ్చినవాడు. చివరి ఆకులు లేకపోతే కట్ట అమ్ముడుపోదని తెలిసినవాడు. ఏటి, తెలుస్తాది అని ఇక్కడి యాస నేర్చుకున్నావు గానీ విజయ్‌కుమార్, గుంట దగ్గర బోల్తా పడ్డావు.”

విజయ్‌కుమార్ లేవబోయాడు. తిరుమలరావు అతని కెమెరా స్టాండు సంచి లాక్కుని విప్పాడు. లోపల తువ్వాలులో చుట్టిన తాటాకుల కట్ట ఉంది. తిరుమలరావును అనుమానించినందుకు సుహాసిని సిగ్గుపడింది.

ఎస్సై విజయ్‌కుమార్‌ను జీపెక్కించాడు. రిజిస్ట్రారు గొంతు తగ్గించి, “పొరపాటైంది దాలమ్మా. శనివారం చదువులు ఎప్పటిలాగే జరుగుతాయి,” అన్నాడు.

దాలమ్మ ఒప్పుకోలేదు.

“నన్ను దొంగన్నప్పుడు ఊరంతా ఇన్నాది బాబూ. కాదన్న మాట నా ఒక్కదాని సెవిలో సెప్తే ఎలగ?”

రిజిస్ట్రారు అరుగు దిగి, వీధిలో మొదటి ఇంటి తలుపు తట్టాడు.